కండెమ్ చేసే ముందు ఆ కంప్యూటర్లను ఒక్కసారి పరీక్షించండి

విశాఖపట్నంలోని ప్రభుత్వ పాఠశాలలు, కళాశాలలు, గ్రంథాలయాల్లో ఉన్న కంప్యూటర్లపై నిర్ణయాలు తీసుకునే అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు నమస్కారం.

నేను ఈ ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసుకుని బతికే సర్వీస్ టెక్నీషియన్‌ని. ఇదే పనిలో ఉన్న కొందరు మిత్రులు, ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పిల్లలను చదివిస్తున్న కొందరు తల్లిదండ్రులు, నేను కలిసి రాస్తున్న లేఖ ఇది.

ఆ బడిలో కంప్యూటర్ గదికి చాలాకాలంగా తాళం వేసి ఉంది. లోపలున్నవి కోర్ టూ డ్యుయో, డ్యూయల్ కోర్ అనే పాత ప్రాసెసర్ల కాలం నాటి సిస్టమ్‌లు. కొన్నింటికి 2 జీబీ ర్యామ్, కొన్నింటికి 4 జీబీ. "పనిచేయవు, కండెమ్ చేయాలి" అని, అంటే పనికిరానివిగా తీసేయాలని, జాబితా కూడా రాసేశారు. హెడ్మాస్టర్ గారిని అడిగి గది తెరిపించి చూశాం. చాలా వాటికి అసలు జబ్బే లేదు. వాటి శక్తికి మించిన సాఫ్ట్‌వేర్ వేసి, కదలడం లేదని పక్కన పెట్టేశారు. ఆ సంగతే వివరంగా రాసి అర్జీ ఇచ్చాం. రసీదు ఇచ్చారు. కొన్నాళ్లకు "మీ సమస్య పరిష్కరించబడినది" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. గదికి తాళం మాత్రం అలాగే ఉంది. మళ్లీ వెళ్లి అడిగితే, "ఫైలు క్లోజ్ అయిపోయింది కదండీ" అన్నారు. ఇంక చేసేది లేక నలుగురి ముందూ పెడుతున్నాం. ఎవరినో వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు, అందుకే బడి పేరు, ఆఫీసు పేరు రాయడం లేదు. ఇలాంటి తాళం గదులు మీకు మాకంటే ఎక్కువే తెలిసుంటాయి.

2025 అక్టోబర్ 14న రెండు సంగతులు జరిగాయి. విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని గూగుల్ ప్రకటించింది ఆ రోజే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసిందీ ఆ రోజే. మొదటిదాని గురించి ఊరంతా మాట్లాడుకుంది. రెండోది మన బడుల్లో, లైబ్రరీల్లో, చిన్న చిన్న ఆఫీసుల్లో ఉన్న పాత సిస్టమ్‌ల సంగతి. దాని గురించి ఎవరూ నోరు మెదపలేదు.

విండోస్ 11 వేద్దామంటే 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం, ఆపైది అయ్యుండాలి. అంటే 2017కి ముందు కొన్న మెషీన్లు ఇంచుమించు అన్నీ అవుట్. అడ్డదారిలో వేసే ఉపాయాలున్నాయి, మా లైన్లో వేసేవాళ్లూ ఉన్నారు. ప్రభుత్వ కంప్యూటర్‌లో అలా వేయమని మాత్రం నేను చెప్పను. విండోస్ 10కే ఇంకొంతకాలం సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకం కూడా ఉంది. దానివల్ల రక్షణ దొరుకుతుందే గానీ, 2 జీబీ మెషీన్‌కి వేగం రాదు.

ఈ పరిస్థితిలో మామూలు జనానికి ఏం జరుగుతోందో చెబుతాను.

1. పిల్లలు పరీక్ష హాల్లోనే మొదటిసారి మౌస్ పట్టుకుంటున్నారు. ఈఏపీసెట్, జేఈఈ మెయిన్ కంప్యూటర్ మీదే రాయాలి. గ్రూప్-2లో మెయిన్స్ గట్టెక్కినవాళ్లకు కూడా కంప్యూటర్ పరీక్ష ఒకటి ఉంది. ద్వారకానగర్‌లో ఫీజు కట్టి నేర్చుకునే స్తోమత ఉన్న ఇంటి పిల్లలకు ఇదేమీ లెక్క కాదు. ఆరిలోవలోనో మల్కాపురంలోనో ప్రభుత్వ బడిలో చదివే పిల్లలకు బోర్డు మీద గీసిన కీబోర్డు బొమ్మే దిక్కు. మేం గది తెరిచిన రోజు ఒక పదో తరగతి అబ్బాయిని సిస్టమ్ ముందు కూర్చోబెడితే, మౌస్ ముట్టుకోకుండా మానిటర్ మీద వేలు పెట్టి పైకి జరిపాడు. వాడు చురుకైనవాడే, ఫోన్ అలవాటు మరి. అలాంటి పిల్లవాడు పరీక్ష హాల్లో కూర్చుంటే లెక్క తెలిసినా చేతులు వణుకుతాయి. గడియారం నడుస్తుంటుంది, నెక్స్ట్ బటన్ ఎక్కడుందో వెతుక్కుంటూ ఉంటాడు. ఆ టెన్షన్‌కి పోయే మార్కులు ఎవరి లెక్కలోకీ రావు.

2. ఉద్యోగాలకు అప్లై చేసేవాళ్లు నెట్ సెంటర్ల చుట్టూ తిరుగుతున్నారు. లైబ్రరీలో ఒక సిస్టమ్ పనిచేస్తే చాలు, ఫారం నింపుకోవచ్చు, హాల్ టికెట్ తీసుకోవచ్చు. అది లేక పేజీకింత అని డబ్బు పోతోంది. డబ్బు సంగతి సరే. నెట్ సెంటర్ కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడండి: ఎవరెవరివో ఆధార్ కాపీలు, టెన్త్ సర్టిఫికెట్లు, పాస్‌బుక్ మొదటి పేజీలు. తీసేయాలన్న ధ్యాస ఇచ్చినవాళ్లకూ ఉండదు, నడిపేవాళ్లకూ ఉండదు.

3. దొంగ విండోస్ వల్ల వైరస్ ఇంటింటికీ వెళ్తోంది. పాత సిస్టమ్ మొరాయిస్తే ఎవరో ఒకరిని పిలిచి ఫార్మాట్ కొట్టించడం, క్రాక్ చేసిన విండోస్ వేయించడం మనకు అలవాటైపోయింది. యాక్టివేట్ అవ్వాలంటే ముందు యాంటీవైరస్ ఆపేయమంటుంది ఆ క్రాక్. తలుపు తీసిపెట్టి దొంగను పిలిచినట్టే. తర్వాత టీచరు గారు పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోతాయి. మార్కుల లిస్టు ఉన్న ఆ పెన్‌డ్రైవే ఇంటికెళ్తుంది, జిరాక్స్ షాపుకెళ్తుంది, ఇంకో బడికీ వెళ్తుంది.

4. గదిలో పడున్న కంప్యూటర్ మన ఊళ్లో తొందరగా చస్తుంది. సముద్రపు ఉప్పు గాలికి, తాళం వేసిన గదిలో చెమ్మకి మదర్‌బోర్డు స్లాట్లు పచ్చబడతాయి. రోజూ నడిచే సిస్టమ్ కాస్త వేడి మీద ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. రెండేళ్లు మూలన పడేసి ఆ తర్వాత పరీక్షిస్తే అప్పటికి నిజంగానే కండెమ్ అయ్యుంటుంది. మళ్లీ కొత్త వాటికి ఇండెంటు. ఆ డబ్బు జనం పన్నుల్లోదే.

ఇప్పుడు "పనిచేయదు" అనే మాట సంగతి చూద్దాం. మేం చూసినవాటిలో కొన్ని అసలు డిస్‌ప్లేనే ఇవ్వలేదు. ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, తుడిచి పెడితే వచ్చాయి. ఇంకో సిస్టమ్‌లో "నెట్ రావట్లేదు, ఏ సైటు ఓపెన్ చేసినా సేఫ్ కాదంటోంది" అన్నారు. కింద మూలన తేదీ చూస్తే 2009 జనవరి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ, సీఆర్2032 అంటారు, అది అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. తేదీ తప్పైతే వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజర్ అడ్డుపడుతుంది. ఒక టీ, సమోసా ఖర్చుతో పోయే జబ్బు అది. స్టాక్ రిజిస్టర్‌లో ఆ సిస్టమ్ "ఇంటర్నెట్ లోపం, నిరుపయోగం" అని ఉంది.

ఇవన్నీ సరిచేశాక కూడా మిగిలేది స్లో సమస్య. దానికి మందు తేలికపాటి లినక్స్, అంటే విండోస్‌కు బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. ఈ మాట అనగానే చాలాచోట్ల వినిపించే జవాబు: "అదీ వేసి చూశాం సార్, ఇంకా స్లో అయింది." నిజమే, అయ్యుంటుంది. ఎందుకంటే ఎవరో లినక్స్‌లో బాగా పేరున్న రకం, మామూలు ఉబుంటు తెచ్చి 2 జీబీ మెషీన్లో వేసుంటారు. అందులో ఉండేది గ్నోమ్ అనే డెస్క్‌టాప్. చూడ్డానికి బాగుంటుంది, కానీ ఉబుంటు వాళ్లే 4 జీబీ కంటే తక్కువ ర్యామ్ చాలదని చెబుతారు. లినక్స్‌లో లోపలి కెర్నెల్, అంటే దాని గుండెకాయ, ఒకటే అయినా, పైన కనిపించే మెనూ, టాస్క్‌బార్, కిటికీలు, ఫైళ్ల బొమ్మలు, ఇవన్నీ కలిపిన డెస్క్‌టాప్‌ను మనమే ఎంచుకోవచ్చు. గ్నోమ్ బరువు. ఎక్స్ఎఫ్‌సీఈ, మాటే అనే రెండూ మధ్యరకం. ఎల్ఎక్స్‌క్యూటీ ఇంకా తేలిక. వాటికంటే కింద ఐస్‌డబ్ల్యూఎం, ఫ్లక్స్‌బాక్స్ లాంటివి కిటికీలను కదిపే పని తప్ప పెద్దగా ఏమీ పెట్టుకోవు. సిస్టమ్ ఆన్ చేసి ఏమీ తెరవకముందే గ్నోమ్ 1 జీబీ పైన మింగేస్తే, ఐస్‌డబ్ల్యూఎంతో వచ్చే యాంటిఎక్స్ అనే లినక్స్ రకం అందులో మూడో వంతుతోనే సరిపెట్టుకుంటుంది. వెర్షన్‌ను బట్టి అటూఇటూ అవుతుంది గానీ తేడా మాత్రం పెద్దదే.

అలాగని అన్నిటికంటే తేలికైనదే మంచిదని అనుకోవద్దు. మా కుర్రాళ్లకు ఈ పిచ్చి బాగా ఉంటుంది, ర్యామ్ వాడకం ఎంత తక్కువ చూపిస్తే అంత గొప్ప. బడిలో టీచరమ్మ గారికి షట్‌డౌన్ బటన్ కనిపించకపోతే నేరుగా స్విచ్చే కట్టేస్తారు. కుడి క్లిక్ చేస్తే తప్ప మెనూ రాని డెస్క్‌టాప్ పెట్టి వచ్చేస్తే, నెల తిరక్కుండా ఆ గదికి మళ్లీ తాళం పడుతుంది. ఎడమ మూలన మెనూ, కింద టాస్క్‌బార్, కుడి మూలన గడియారం: అలవాటైన చోట అలవాటైనవి ఉండాలి. అందుకే 4 జీబీ ఉన్న సిస్టమ్‌లకు మేం సూచించేది లినక్స్ మింట్‌లో ఎక్స్ఎఫ్‌సీఈ రకం. 2 జీబీ వాటికి ఎల్ఎక్స్‌క్యూటీ డెస్క్‌టాప్‌తో లుబుంటు గానీ డెబియన్ గానీ. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ చేసిన బాస్ లినక్స్ ఉంది, దాన్ని కూడా పరిశీలించవచ్చు. కాకపోతే ప్రభుత్వానిది అన్న ఒక్క కారణంతో వేసేయకుండా, ఆ వెర్షన్‌లో ఏ డెస్క్‌టాప్ ఉందో, ఎంత ర్యామ్ అడుగుతుందో చూసి వేయాలి.

1 జీబీ ర్యామ్‌తో ఉన్న, 32 బిట్ అనే మరీ పాత రకం ప్రాసెసర్ల మెషీన్ల విషయంలో మీతో మాకు పేచీ లేదు. లినక్స్‌లో 32 బిట్ మెషీన్లను క్రోమ్ బ్రౌజర్ 2016లోనే వదిలేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కి 32 బిట్ ఇన్‌స్టాలరే లేదు. ఫైర్‌ఫాక్స్ కూడా వదిలేస్తున్నట్టు 2025లో ప్రకటించింది. టైపింగ్ నేర్చుకోవడానికి ఒకటో రెండో ఉంచుకుని మిగతావి కండెమ్ చేయండి, మేమే సంతకం పెడతాం. కోర్ టూ డ్యుయో మాత్రం 64 బిట్ ప్రాసెసరే. దాన్ని వీటితో కలిపి లారీ ఎక్కించకండి.

డెస్క్‌టాప్ ఎంత తేలికైనదైనా బ్రౌజర్ తెరిచాక ఆ పొదుపంతా పోతుందని కూడా చెప్పాలి. పది ట్యాబులు తెరిస్తే ఏ లినక్స్ అయినా మోకాళ్ల మీద కూర్చుంటుంది. పాఠం వీడియో పెడితే ఫ్యాన్ హోరెత్తడానికి కారణం ఇంకొకటి: యూట్యూబ్ వీడియోను వీపీ9, ఏవీ1 అనే కొత్త పద్ధతుల్లో పంపుతుంది, పాత ప్రాసెసర్‌కి వాటిని విప్పడం భారం. పాత పద్ధతి హెచ్.264లోనే పంపమని అడిగే చిన్న ఎక్స్‌టెన్షన్ ఉంది. అది వేసి, 480పీలో పెడితే అదే సిస్టమ్ అదే పాఠాన్ని ఆగకుండా చూపించింది. హార్డ్ డిస్కు తీసి, దానికంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ పెడితే తేడా కళ్లకు కడుతుంది. ర్యామ్‌లోనే సరుకును కుదించి పెట్టే జెడ్‌ర్యామ్‌కైతే పైసా ఖర్చు లేదు. నెట్ లేని బడిలో కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి తెలుగు వికీపీడియా మొత్తం డిస్కులోకి ఎక్కించవచ్చు. చిన్న తరగతులకు జీకాంప్రిస్, టక్స్ పెయింట్, పెద్దవాళ్లకు లిబ్రేఆఫీస్, పైథాన్: అన్నీ ఉచితం, అన్నీ చట్టబద్ధం.

ఇది ఎక్కడా జరగని వింత కాదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు 2000ల దశకం నుంచే ఈ దారిలో ఉన్నాయి. అక్కడి కైట్ సంస్థ బడుల కోసం సొంత గ్నూ లినక్స్ తయారుచేసి ఇస్తోంది, పదో తరగతి పిల్లలు ఐటీ పరీక్ష దాని మీదే రాస్తారు. ఓపెన్ సోర్స్‌కే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని, టెండర్లలో ఆ షరతు పెట్టాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది.

మార్చకూడనివీ ఉన్నాయి, దాచాల్సిన పనిలేదు. అను ఫాంట్లతో డీటీపీ చేసే సిస్టమ్‌ల జోలికి వెళ్లొద్దు. ఆ పాత ఫైళ్లు యూనికోడ్‌లో లేవు, లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి. డిజిటల్ సంతకం డాంగిల్, వేలిముద్ర మెషీన్ వాడే చోట ముందు డ్రైవర్లు దొరుకుతాయో లేదో చూసుకోవాలి. మన ఆఫీసుల్లో ఎక్కడపడితే అక్కడ కనిపించే ఒక చిన్న లేజర్ ప్రింటరు లినక్స్‌తో సరిగ్గా పడదు, దానికి మా దగ్గర కూడా మంత్రం లేదు. మేం అడిగేది పిల్లలు నేర్చుకునే ల్యాబుల గురించి, జనం వాడుకునే లైబ్రరీ సిస్టమ్‌ల గురించి. తెలుగు టైపింగ్‌కి ఇబ్బంది లేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, లోహిత్, నోటో ఫాంట్లు లినక్స్‌లో సులువుగా వేసుకోవచ్చు.

కాబట్టి మా డిమాండ్లు ఇవి.

1. "పాతది", "స్లో" అన్న కారణంతో ఏ కంప్యూటర్‌నూ కండెమ్ చేయకూడదు. ఒక్కోదానికి ఒక చీటీ రాయాలి: ప్రాసెసర్ 64 బిట్టా కాదా, ర్యామ్ ఎంత, డిస్కు ఆరోగ్యం ఎలా ఉంది, లైవ్ పెన్‌డ్రైవ్‌తో (లినక్స్‌ను నేరుగా తన నుంచే నడిపే పెన్‌డ్రైవ్) లినక్స్ బూట్ అయిందా లేదా. లైవ్ పెన్‌డ్రైవ్ పరీక్షకు లోపలున్న డిస్కును ముట్టుకోనక్కర్లేదు, ఉన్న ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఆ చీటీ లేని కండెమ్ జాబితాపై సంతకం పెట్టకండి.

2. ఇప్పటికే జాబితాల్లో ఉండి ఇంకా గదులు దాటని సిస్టమ్‌లను ఆపండి. ముందు ఒక్క బడిలో, ఒక్క లైబ్రరీలో చేసి చూడండి. ఫలితం బాగున్నా బాగోకపోయినా అందరికీ తెలిసేలా పెట్టండి.

3. ర్యామ్‌ను 4 జీబీకి పెంచడానికి, ఎస్ఎస్‌డీ, పైన చెప్పిన బిళ్ల బ్యాటరీ (సీమాస్ బ్యాటరీ) కొనడానికి హెడ్మాస్టర్‌కి, లైబ్రేరియన్‌కి అధికారం ఇవ్వండి. చిన్న బ్యాటరీకి కూడా పైనుంచి శాంక్షన్ రావాలంటే ఆ సిస్టమ్ ఈ జన్మలో లేవదు.

4. అన్నిచోట్లా ఒకే లినక్స్, ఒకే డెస్క్‌టాప్ ఉండాలి. వచ్చిన ప్రతి టెక్నీషియన్ తనకు నచ్చింది వేసి పోతే టీచర్లు ఎన్నని నేర్చుకుంటారు? మాలాంటి వాళ్ల ఇష్టాయిష్టాలకు దీన్ని వదలకండి.

5. ఏఎంసీ (ఏడాదికోసారి కుదుర్చుకునే నిర్వహణ) ఒప్పందాల్లో రెండు షరతులు చేర్చండి. దొంగ సాఫ్ట్‌వేర్ వేస్తే బిల్లు ఆపాలి. లినక్స్ అప్‌డేట్లు, వెర్షన్ మార్పు కూడా కాంట్రాక్టరే చూడాలి. లినక్స్ వేశాం కదా అని అప్‌డేట్ల సంగతి వదిలేస్తే అదీ కొన్నేళ్లకు పాతబడి ప్రమాదంలో పడుతుంది.

6. కంప్యూటర్ బాధ్యత చూసే టీచర్లకు తెలుగులో శిక్షణ ఇవ్వండి. ల్యాబ్ గోడకు ఒక పేజీ అంటించండి: ఎలా ఆన్ చేయాలి, ఫైలు ఎక్కడ సేవ్ అవుతుంది, పెన్‌డ్రైవ్ ఎలా తీయాలి, ఎలా ఆఫ్ చేయాలి.

7. నిజంగా పనికిరానివాటిని ఈ-వేస్ట్ నిబంధనలు 2022 ప్రకారం రిజిస్టరైన రీసైక్లర్‌కో, పాతవి బాగుచేసి మళ్లీ వాడకంలోకి తెచ్చే రిఫర్బిషర్‌కో ఇవ్వండి. ఇచ్చే ముందు డిస్కులు పూర్తిగా తుడిపించండి, పిల్లల ఆధార్ వివరాలు, టీచర్ల జీతాల ఫైళ్లు వాటిలోనే ఉంటాయి. పాత ఇనుము కొట్టుకి పోతే తీగలు కాల్చి రాగి తీస్తారు, ఆ పొగ చుట్టుపక్కల ఇళ్లకే వెళ్తుంది.

8. మా అర్జీని మళ్లీ తెరవండి. ఒప్పుకుంటే ఎప్పుడు మొదలుపెడతారో, కాదంటే ఎందుకు కాదో రాతలో చెప్పండి. మెసేజ్ వద్దు.

పరీక్షించే పనికి మేం కూలి అడగడం లేదు. గది తాళం, కరెంటు, మీ సంతకంతో ఒక అనుమతి కాగితం ఇస్తే ఆదివారాలు వచ్చి చేస్తాం. పక్కన మీ మనిషి ఒకరు కూర్చుని ప్రతి చీటీ మీదా సంతకం పెడితే సరిపోతుంది. ఎండాకాలం సెలవుల్లో గదులెలాగూ ఖాళీయే, ఆ లోపు అనుమతి ఇస్తే బడులు తెరిచేసరికి పని ముగుస్తుంది.

ఇట్లు,
కొందరు తల్లిదండ్రులు, కంప్యూటర్ సర్వీస్ టెక్నీషియన్లు,
విశాఖపట్నం